హిచ్‌కాక్ ముందే చెప్పేస్తాడు

నమస్తే అండీ. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ వీడియో నిండా స్పాయిలర్లే, అంటే కథల్లో మలుపులన్నీ ముందే చెప్పేస్తా. అన్నీ యాభై, అరవై, ఎనభై ఏళ్ల కిందటి సినిమాలు కాబట్టి మరీ తిట్టుకోరనే ధైర్యం. అయినా హాలీవుడ్ డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ గురించి స్పాయిలర్ లేకుండా మాట్లాడటం కుదిరే పని కాదు. ఆయన సినిమాలకి ఆయనే పెద్ద స్పాయిలర్.

అదెలాగో చెప్తా. సస్పెన్స్ అన్న మాటని మనం ఎలా వాడతాం? "సస్పెన్స్‌లో పెట్టకురా బాబూ, విషయం చెప్పు" అంటాం. సినిమా చూసొచ్చిన ఫ్రెండ్‌తో "సస్పెన్స్ చెప్పేశావంటే చంపేస్తా" అంటాం. అంటే మన వాడుకలో సస్పెన్స్ అంటే దాచిపెట్టిన సంగతి. హంతకుడెవరో క్లైమాక్స్ దాకా దాస్తే అది సస్పెన్స్ సినిమా. మరి 'సస్పెన్స్ మాస్టర్' అని ప్రపంచమంతా పిలిచే మనిషి ఏం చేశాడు? హంతకుడెవరు అన్న టైపు కథలంటే తనకి పెద్ద ఆసక్తి లేదన్నాడు.

1962లో ఫ్రాన్స్ నుంచి ఫ్రాన్స్వా త్రూఫో అనే కుర్ర డైరెక్టర్ వచ్చాడు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్లు. హిచ్‌కాక్‌ని కూర్చోబెట్టి, మధ్యలో దుబాసీని పెట్టుకుని, కెరీర్ మొత్తం సినిమా సినిమాకీ అడిగాడు. తర్వాత అది పుస్తకమైంది. అందులోదే ఆ ఫేమస్ బాంబు ఉదాహరణ. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏవో పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి ఢాం! బల్ల కింద బాంబు. ప్రేక్షకుడు ఓ పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాడు, అంతే. ఇప్పుడు అదే సీను ఇంకోలా. బాంబు పెట్టడం మనం చూశాం. ఒంటిగంటకి పేలుతుందని తెలుసు. గోడ గడియారంలో పావు తక్కువ ఒంటిగంట. వాళ్లు మాత్రం అదే సోది మాట్లాడుకుంటున్నారు. ఇందాక బోరు కొట్టిన ఆ సోదిలోనే ఇప్పుడు ప్రతి మాటకీ మనకి చెమటలు పడతాయి. "లేవండ్రా, కింద చూడండ్రా" అని అరవాలనిపిస్తుంది. పదిహేను సెకన్ల ఉలికిపాటు కాస్తా పదిహేను నిమిషాల టెన్షన్ అయింది. తేడా ఒక్కటే, మనకి ముందే చెప్పాడు.

ఇది మనకి కొత్తేం కాదు, ఒప్పుకోండి. 'మాయాబజార్'లో పెళ్లికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలీదు. ఆ పెళ్లి సీన్లు అన్నిసార్లు చూసినా నవ్వు రావడానికి కారణం ఆ తెలియడమే. హిచ్‌కాక్ ఇదే మందుని భయానికి వాడాడు.

మనిషి గురించి కాస్త చెప్పుకుని పనిలోకి వెళ్దాం. పుట్టింది 1899లో, లండన్ తూర్పు శివారు లేటన్‌స్టోన్‌లో. తండ్రిది కూరగాయలు, కోళ్లు అమ్మే దుకాణం. చిన్నప్పుడు నాన్న ఓ చీటీ ఇచ్చి పోలీస్ స్టేషన్‌కి పంపాడని, అక్కడ ఐదు నిమిషాలు సెల్‌లో వేసి "అల్లరి పిల్లల్ని ఇలాగే చేస్తాం" అన్నారని, అప్పట్నుంచీ పోలీసులంటే తనకి వణుకని జీవితాంతం ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. నేనైతే సగమే నమ్ముతా. మరీ స్క్రీన్‌ప్లేలా ఉంది ఆ కథ. కానీ చెయ్యని నేరం నెత్తిన పడి పరిగెత్తే హీరోలు ఆయన సినిమాల్లో ఎంతమంది ఉన్నారో చూస్తే, మిగతా సగం కూడా నమ్మబుద్ధేస్తుంది.

సినిమాల్లోకి వచ్చింది మూకీల రోజుల్లో, టైటిల్ కార్డులు గీసే పనితో. అంటే మాటలు రాసిన అట్టలు. తర్వాత జర్మనీలో పనిచేసినప్పుడు మూర్నౌ అనే మహానుభావుడు షూటింగ్ చేస్తుంటే దగ్గరుండి చూశాడు. టైటిల్ కార్డులు దాదాపు లేకుండా కథ మొత్తం కెమెరాతోనే చెప్పిన దర్శకుడాయన. ఆ పాఠం హిచ్‌కాక్‌కి చివరిదాకా పనికొచ్చింది.

దీనికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మా అమ్మకి ఇంగ్లీష్ రాదు. పోయినేడాది ఓ ఆదివారం మధ్యాహ్నం నేను 'రియర్ విండో' పెట్టుకుంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ పక్కన కూర్చుంది. సబ్‌టైటిల్స్ కూడా లేవు. 1954 సినిమా. కాలు విరిగి, తొడ దాకా కట్టు వేసుకుని చక్రాల కుర్చీలో పడున్న ఫొటోగ్రాఫర్, జేమ్స్ స్టివార్ట్. ఎండాకాలం, ఉక్క, ఏసీలు లేవు, అందరి కిటికీలూ తెరిచే ఉన్నాయి. పనీపాటా లేక ఎదురింటివాళ్లని చూస్తుంటాడు. ఒక డాన్సరమ్మాయి, ఒక ఒంటరి ఆవిడ, ఒక కొత్త జంట, పియానో ముందు జుట్టు పీక్కునే పాటలాయన. ఇంకో ఇంట్లో మంచం పట్టిన పెళ్లాం, విసిగిపోయిన మొగుడు. ఒకరోజు వానరాత్రి ఆ మొగుడు పెట్టె పట్టుకుని బయటికెళ్తాడు. వస్తాడు. మళ్లీ వెళ్తాడు. తెల్లారాక చూస్తే పెళ్లాం కనిపించదు. అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, "ముక్కలు చేసుంటాడు" అంది. తాపీగా. హీరోకి ఆ మాట అనడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

ఆ కాంపౌండ్ అంతా పారమౌంట్ స్టూడియోలో వేసిన సెట్. ముప్ఫై ఒక్క అపార్ట్‌మెంట్లు. ఎత్తు చాలక స్టూడియో ఫ్లోర్ తవ్వి, కిందున్న సెల్లార్‌ని పెరడు కింద మార్చారు. ఇంత ఖర్చుపెట్టి కట్టి, కెమెరాని మాత్రం దాదాపు సినిమా అంతా హీరో గదిలోనే కట్టిపడేశాడు. ఆయన కదల్లేడు, మనమూ కదల్లేం.

ఇక అసలు సీను. హీరోయిన్ గ్రేస్ కెల్లీ, ఎర్ర తివాచీ మీద నడవాల్సిన మనిషి, గౌను వేసుకుని మెట్లెక్కి కిటికీలోంచి ఆ హంతకుడి ఇంట్లోకి దూరిపోతుంది. పెళ్లాం ఉంగరం కోసం వెతుకుతోంది. ఇటు హీరో దృష్టి కింద ఫ్లోర్‌లో నిద్రమాత్రలు చేతిలో పోసుకున్న ఒంటరి ఆవిడ మీదకి మళ్లింది. ఈలోపు వరండాలో మొగుడు తిరిగొస్తున్నాడు. రెండు కిటికీలూ ఒకే ఫ్రేములో. ఒకదాంట్లో ఆమె, ఇంకోదాంట్లో వాడు. మధ్యలో ఒక్క తలుపు. మా అమ్మ టీవీకి చెప్తోంది, "అమ్మాయ్, వాడొస్తున్నాడే, బయటికి పోవే" అని. హీరో కూడా ఇటు కుర్చీలో అదే చేస్తున్నాడు. ఆయన కేకా చేరదు, మా అమ్మ కేకా చేరదు.

పోలీసులు వస్తారు. ఆమె వీపు వెనక చేతులు పెట్టుకుని, వేలికి తొడుక్కున్న ఉంగరాన్ని ఇటు చూపిస్తుంది, దొరికిందన్నట్టు. ఆ చెయ్యి ఎవరికి చూపిస్తోందా అని హంతకుడు గమనిస్తాడు. మెల్లగా తలెత్తి, నేరుగా కెమెరాలోకి చూస్తాడు. అమ్మ కాళ్లు సోఫా మీదకి లాక్కుని, "ఒరేయ్, మనల్ని చూసేశాడ్రా" అంది.

మనల్ని, అంది. నేను యూట్యూబ్‌లో చూసిన విశ్లేషణలన్నీ ఆ ఒక్క ముక్క దగ్గర దిగదుడుపే. గంటన్నరగా దర్జాగా కూర్చుని పక్కింటి బాగోతం చూస్తున్నది హీరో ఒక్కడే కాదని మా అమ్మకి ఆ క్షణాన తెలిసొచ్చింది.

'నొటోరియస్', 1946. ఇందులో ఒక పార్టీ ఉంటుంది. కెమెరా మేడ మీద నుంచి, అంత పెద్ద హాలంతా చూపిస్తూ, కిందకి దిగి దిగి దిగి, ఇంగ్రిడ్ బర్గ్‌మన్ గుప్పిట్లో ఉన్న తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఆ షాట్ గురించి అందరూ చెప్తారు. నాకు అంతకంటే ఇష్టమైంది షాంపేన్ సీసాలు. తాళం భర్త దగ్గర కొట్టేసింది. అది సెల్లార్ తాళం. పార్టీలో సీసాలు అయిపోతే భర్త ఇంకొన్ని తేవడానికి సెల్లార్‌కి వెళ్లాలి, తాళం లేదని తెలిసిపోతుంది. అంతే, ఇక ఐసు తొట్టెలో సీసాలు తరిగిపోతుంటే మనకి ప్రాణం తరిగిపోతుంటుంది. మన పెళ్లిళ్లలో ఆఖరి బంతికి కూర సరిపోతుందా లేదా అని వంటశాల గుమ్మంలో నిలబడే పెదనాన్న ఉంటాడు చూడండి, అచ్చం ఆ టెన్షన్. గన్ను లేదు, ఛేజింగ్ లేదు. సీసాలు లెక్కపెట్టించాడు మనచేత.

'వెర్టిగో' సంగతికొస్తే, 1958లో వచ్చినప్పుడు పెద్దగా ఆడలేదు. 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో అన్ని సినిమాల్లోకీ ఒకటో స్థానం, 2022లో రెండో స్థానం. ఇది ఒక ఫ్రెంచ్ నవల ఆధారంగా తీసింది. నవల్లో అసలు రహస్యం, అంటే హీరో పోగొట్టుకున్న ప్రియురాలూ, తర్వాత కలిసిన అమ్మాయీ ఒకరే అన్నది, చివర్లో తెలుస్తుంది. హిచ్‌కాక్ దాన్ని సినిమా ఇంకా బోలెడు మిగిలుండగానే ఓ ఉత్తరం రూపంలో మనకి చెప్పేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా వద్దన్నారట. ఇది ఆయనే త్రూఫోతో అన్నాడు. చెప్పేశాక ఏమైందంటే, ఇంకో రకం భయం మొదలైంది. ఆ అమ్మాయికి తను కోల్పోయిన ప్రియురాలి జుట్టు, ఆమె బట్టలు, ఆమె చెప్పులు తొడిగిస్తున్న హీరోకి నిజం తెలిస్తే ఏంటి? మన హీరోని చూసి మనమే భయపడతాం. ఆ సినిమా మొదటి గంట నెమ్మది, కాదనను. ఓపిక పట్టండి.

ఆయన లెక్క తప్పిన చోటూ ఉంది. 1936లో 'సబొటాజ్'. ఓ పిల్లాడి చేతిలో పొట్లం, అందులో బాంబు, వాడికి తెలీదు. దారిలో ఊరేగింపు, వీధి వ్యాపారి, బస్సులో కుక్కపిల్ల. టైమ్ అయిపోతోంది. మనం రూల్ ప్రకారం ఊపిరి బిగబట్టుకుంటాం. బాంబు పేలిపోతుంది. పిల్లాడు పోతాడు. జనానికి ఒళ్లు మండింది. అది తన తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అంతసేపు ఏడిపించాక కాస్త ఊపిరి తీసుకోనివ్వాలిగా.

సరే, 'సైకో'. 1960. మీలో చాలామంది దీని కోసమే ఆగారని తెలుసు. తన టీవీ షో టీమ్‌తో, బ్లాక్ అండ్ వైట్‌లో, సుమారు 8 లక్షల డాలర్లతో తీశాడు. హీరోయిన్‌ని పొడిచి చంపే బాత్రూమ్ సీను తెర మీద ముప్పావు నిమిషం, షూటింగ్ వారం రోజులు. రక్తం అనుకునేది చాక్లెట్ సిరప్. అసలు ఆ సీనుకి మ్యూజిక్ వద్దనుకున్నాడు. మ్యూజిక్ డైరెక్టర్ బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లతో కీచుకీచుమనిపించాడు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. హీరోయిన్ చచ్చిపడున్న షాట్‌లో గుటక మింగినట్టు కనపడుతోందని కనిపెట్టింది ఆయన భార్య ఆల్మా. ఆవిడ గురించి ఒక్క నిమిషం. హిచ్‌కాక్ కంటే ముందే సినిమాల్లో ఎడిటింగ్ చేసిన మనిషి. 1979లో అవార్డు తీసుకుంటూ ఆయన నలుగురికి థాంక్స్ చెప్పాడు. ఒక ఎడిటర్, ఒక రచయిత్రి, తన కూతురి తల్లి, వంటింట్లో అద్భుతాలు చేసిన ఒక వంటమనిషి. ఆ నలుగురి పేరూ ఆల్మా రెవిల్ అన్నాడు.

నాకు 'సైకో'లో బాత్రూమ్ కంటే దాని తర్వాతి సీను గొప్పది. ఆ మోటల్ నడిపే కుర్రాడు నార్మన్, శవాన్ని కారులో పెట్టి ఊబిలోకి తోస్తాడు. నోట్లో ఏదో నములుతూ చూస్తున్నాడు. కారు దిగుతోంది, దిగుతోంది, సగంలో ఆగిపోయింది. ఇక్కడ మీరు ఏం కోరుకున్నారో నిజం చెప్పండి. "మునుగు, మునుగు" అనుకోలేదూ? కాసేపటి క్రితం ఆ అమ్మాయి కోసం అరిచినవాళ్లం, ఇప్పుడు ఆమె శవం దొరక్కూడదని కోరుకుంటున్నాం. కారు మునగ్గానే హమ్మయ్య అనుకుంటాం కూడా. ఆఖర్లో డాక్టరొచ్చి ఇచ్చే ఉపన్యాసం మాత్రం నాకు నచ్చదు. అది లేకపోయినా నడిచేది.

అన్నీ పొగడ్తలే అంటే అబద్ధమవుతుంది. కార్లో కూర్చుంటే వెనక తెర మీద రోడ్డు కదిలే సీన్లు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. 1966 'టోర్న్ కర్టెన్' దగ్గర హెర్మన్‌తో తెగిపోయింది, సినిమాల్లో ఊపూ తగ్గింది. 'ఫ్రెంజీ' ఒక్కటి నిలబడింది. అంతకంటే పెద్ద మచ్చ 'ది బర్డ్స్' నాయిక టిప్పి హెడ్రన్ చెప్పింది. మేడగది సీన్ కోసం రోజుల తరబడి బతికున్న పక్షుల్ని ఆమె మీదకి విసిరారు. ఆయన తనని లైంగికంగా వేధించాడని 2016లో ఆత్మకథలో రాసింది. ఇది తెలిశాక ఆమెతోనే ఆయన తీసిన 'మార్నీ' నేను మళ్లీ పూర్తిగా చూడలేకపోయాను.

బెస్ట్ డైరెక్టర్ ఆస్కార్‌కి ఐదుసార్లు నామినేట్ అయ్యాడు, ఒక్కసారీ రాలేదు. 1968లో గౌరవ పురస్కారంలాంటిది ఇస్తే, స్టేజెక్కి థాంక్యూ చెప్పేసి దిగిపోయాడు.

ఇప్పటిదాకా ఒక్కటీ చూడనివాళ్లు 'రియర్ విండో'తో మొదలుపెట్టండి, తర్వాత 'నొటోరియస్'. ఒంటరిగా వద్దు, సినిమాతో మాట్లాడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. మా అమ్మ ఈమధ్య "ఆ బట్టతలాయన సినిమా ఇంకోటి పెట్టరా" అంటోంది. 'సైకో' పెట్టాలనే ఉంది. కాకపోతే మా బాత్రూమ్ గడియ రెండేళ్లుగా సరిగ్గా పడట్లేదు. వడ్రంగి వచ్చి వెళ్లాక చూద్దాం.