పండక్కి ఊరెళ్తున్నాం సరే, బడికి ఏం ఇద్దాం?

[తెర మీద: రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లు, బాగా దగ్గరగా]

"అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాళ్ళకు చాలు పప్పుబెల్లాలు." ఈ మాట మీ తాతగారి నోటో, అమ్మమ్మ నోటో ఒక్కసారైనా వినే ఉంటారు. వీధి బడుల కాలంలో దసరా వస్తే పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరంతా తిరిగేవారు. పిల్లల చేతుల్లో ఇదిగో, ఇలాంటి విల్లు. వెదురు బద్ద వంచి, రంగు కాగితాలు అంటించి, అందులో బుక్కా పొడి, పూలు పెట్టేవాళ్ళు. గుమ్మం ముందు నిలబడి లాగి వదిలితే ఇంటాయన చొక్కా నిండా బుక్కా!

ఆ తర్వాత పాట. పాట అంటున్నాను గానీ, అది పక్కా బేరం. రేపు రండి, మాపు రండి అంటే కుదరదు. పావలా ఇస్తే పట్టరు, అర్ధ రూపాయి ఇస్తే అంటరు, ముప్పావలా ఇస్తే ముట్టరు. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో వరహా అంటే మూడున్నర రూపాయలు. అంటే ఐదు వరహాలకు పదిహేడున్నర. అంత ఇచ్చే ఇల్లు ఊళ్ళో ఒకటో రెండో ఉంటే గొప్ప. అడగడం మటుకు ఘనంగా అడిగేవాళ్ళు, ఇచ్చినంత పుచ్చుకుని పక్కింటికి వెళ్ళేవాళ్ళు. పప్పుబెల్లాలు మాత్రం బేరం లేకుండా దక్కేవి.

దీన్నే దసరా మామూలు అనేవారు. ఇందులో సరదా ఎంత ఉందో అవసరం కూడా అంతే ఉంది.

[తెర మీద: పాత బళ్ళారి జిల్లా పటం, అందులో అనంతపురం ప్రాంతం రంగు వేసి]

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బళ్ళున్నాయో లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. ఈయన తెలుగు నేర్చుకుని తెలుగుకి వ్యాకరణం కూడా రాసిన దొర. అప్పటి బళ్ళారి జిల్లాలోనే ఇప్పటి అనంతపురం కూడా ఉండేది. ఆయన లెక్కలో మొత్తం 533 బళ్ళు. అందులో తెలుగు బళ్ళు 226. ఈ 533లో ఒక్క బడికి కూడా సర్కారు నుంచి ఒక్క పైసా సాయం లేదని, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందని ఆ కలెక్టరే రాశాడు.

మరి పంతులుగారింట్లో పొయ్యి ఎలా వెలిగేది? నెలనెలా పిల్లల ఇళ్ళ నుంచి వచ్చే కాస్త జీతం, దానికి తోడు పండగలకీ పబ్బాలకీ ఊరు ఇచ్చే డబ్బు, దినుసులు. ఊరి మనిషి పండగ పూట బడికి ఇచ్చేది దానం కాదు, బాకీ అన్నట్టుండేది. అందుకే పిల్లలు అంత దబాయించి అడగగలిగారు.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. ఆ బడుల్లోకి అందరి పిల్లలూ రాలేదు. ఆడపిల్లలు బహు తక్కువ, దళితవాడల పిల్లలకైతే దారే లేదు. పాతదంతా బంగారం అనడానికి ఈ వీడియో చెయ్యట్లేదు. నాకు పనికొచ్చింది అందులో ఒక్కటే: పండగనాడు బడే ఊరి గుమ్మంలోకి వచ్చి, మాకు ఇది కావాలి అని నోరు తెరిచి అడిగేది.

ఇప్పుడు జరిగేది దీనికి తిరగేసి.

[తెర మీద: తాళం వేసిన హైస్కూలు గేటు, వెనకాల ఖాళీ ఆవరణ]

మనం సంక్రాంతికో దసరాకో ఊరొస్తాం. చదివిన బడిని చూడబుద్ధేస్తుంది. వెళ్తే తాళం. పండగ సెలవులు మనకే కాదు కదా, పిల్లలకీ ఉంటాయి! గేటు సందులోంచి చూస్తే కనిపించేవేంటి? వెలిసిపోయిన గోడ, విరిగిన గేటు, పేరు చెరిగిపోయిన బోర్డు. అక్కడికక్కడే వాట్సాప్ గ్రూపులో బ్యాచ్ అంతా కదులుతుంది. తలా ఐదు వేలు. రంగులు వేయిద్దాం, ఆర్చి కట్టిద్దాం, స్టేజీ కట్టిద్దాం, దాని మీద మన బ్యాచ్ పేరు చెక్కిద్దాం.

మనసు మంచిదే, అందులో సందేహం లేదు. కాకపోతే గోడలు చూశాం కాబట్టి గోడలకే ఇచ్చాం. పిల్లలు కనిపించలేదు, కాబట్టి పిల్లలకేం కావాలో తట్టలేదు.

పైగా గోడలు, గదులు, మరుగుదొడ్ల పనికి ప్రభుత్వాలు ఎంతో కొంత డబ్బు పెడుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు తొలి విడతలోనే 15,715 బళ్ళు ఉన్నాయి. తెలంగాణలో 2022లో మన ఊరు మన బడి వచ్చింది, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. అన్నిచోట్లా అన్నీ పూర్తయ్యాయని నేననను. మీ ఊళ్ళో గోడే కూలిపోతుంటే గోడే కట్టించండి. కానీ ఎప్పుడూ ఎవరికీ తట్టనివి చిన్న ఖర్చులు.

అదే స్కూలుకి పనిదినం రోజున వెళ్ళి, హెడ్‌మాస్టారు గదిలో కూర్చుని, "సార్, మీకు ఏం లేక ఇబ్బందవుతోంది?" అని అడగండి. ఆర్చి అని చెప్పే హెడ్‌మాస్టారు అరుదు. నీళ్ళ ప్లాంటు ఉంది, ఫిల్టర్ మార్చక మూలపడింది అంటారు. బోరు మోటారు కాలిపోయింది, రీవైండింగ్‌కి డబ్బుల్లేవు అంటారు. కంప్యూటర్లు వచ్చాయి, యూపీఎస్ బ్యాటరీలు పోయాయి అంటారు. లెక్కల టీచర్ బదిలీ అయి కొత్తవాళ్ళు రాలేదు, ఊళ్ళో బీఈడీ చేసిన అమ్మాయి ఉంది, మార్చి దాకా నెలకింత అని ఇస్తే పదో తరగతి గట్టెక్కుతుంది అంటారు.

[తెర మీద: సాయంత్రం తరగతి గది, ట్యూబ్‌లైటు వెలుగు, స్టీలు గిన్నెలో ఉడకబెట్టిన శనగలు]

పదో తరగతి అన్నాను కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. జనవరి దాటాక సర్కారు హైస్కూళ్ళలో పదో తరగతికి ప్రత్యేక క్లాసులు ఉంటాయి. పొద్దున్నే ఒక గంట, సాయంత్రం బడి వదిలాక ఇంకో గంట, గంటన్నర. పిల్ల మధ్యాహ్న భోజనం చేసింది ఒంటి గంట లోపల. సాయంత్రం ఐదున్నరకి ఆ పిల్ల ముందు త్రికోణమితి పెడితే కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయి. పక్క ఊరి నుంచి వచ్చే పిల్లలైతే ఇంటికి చేరేసరికి చీకటే. అందుకని చాలాచోట్ల టీచర్లే చందాలు వేసుకుని గుగ్గిళ్ళో, అటుకులో, బిస్కెట్లో పెట్టిస్తుంటారు. కొన్నిచోట్ల ప్రభుత్వమో దాతలో చూసుకుంటున్నారు. మీ ఊరి బడిలో ఎవరు చూసుకుంటున్నారో కనుక్కోండి. రెండు నెలలు, నలభై మంది పిల్లలు, రోజూ గుప్పెడు శనగలు. ఆర్చి ఖర్చులో ఏ మూలకి వస్తుంది?

ఇంకో సంగతి, ఏటేటా ఇచ్చే డబ్బు విలువ వేరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. దాన్ని ఆదుకున్నవాళ్ళలో ఇప్పటి ఒడిశాలో ఉన్న జయపురం మహారాజా విక్రమ్‌దేవ్ వర్మ పేరు ముందు చెబుతారు. ఆయన ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఏటా వస్తుందన్న నమ్మకం ఉంటేనే కదా ఎవరైనా రేపటి గురించి ఆలోచించేది. మనం మహారాజులం కాకపోవచ్చు, కానీ ముప్పై మంది ఉన్న బ్యాచ్ ఏటా తలా రెండు వేలు వేస్తే అరవై వేలు. నీళ్ళు, కరెంటు సామాను, సాయంత్రం శనగలు దాదాపు వెళ్ళిపోతాయి.

[తెర మీద: రసీదు పుస్తకం, పక్కనే కమిటీ తీర్మానాల రిజిస్టర్]

ఇప్పుడు లెక్కల సంగతి. డబ్బు ఎవరి చేతికీ నోట్లుగా ఇవ్వొద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతుల మంది, అంటే నూటికి డెబ్భై ఐదు మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. మీరిచ్చేది కమిటీ తీర్మానంలో రాయించి, బడి ఖాతాలో వేసి, రసీదు తీసుకోండి. వస్తువు కొనిస్తే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించమనండి. ఇది అనుమానం కాదు. రేపు హెడ్‌మాస్టారు బదిలీ అయితే ఆయన నెత్తి మీదకు ఏమీ రాకుండా కాపాడేది ఆ కాగితమే.

ఊళ్ళో ఎవరూ తెలియకపోతే కేంద్ర విద్యాశాఖ వారి విద్యాంజలి పోర్టల్ ఉంది. 2021 సెప్టెంబర్‌లో కొత్త రూపంలో వచ్చింది. బళ్ళు తమకేం కావాలో అందులో పెడతాయి, వస్తువులైనా సరే, వచ్చి పాఠం చెప్పే మనిషైనా సరే.

ఇన్‌కమ్‌ట్యాక్స్ మినహాయింపు కోసం చూసేవాళ్ళకి మూడు ముక్కలు. 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు ఆమోదం ఉన్న సంస్థకి ఇస్తేనే అది వస్తుంది. రెండు వేలు దాటిన నగదుకి రాదు, బెంచీలూ పుస్తకాలూ వస్తురూపంలో ఇచ్చినా రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకైతే అసలు లేనే లేదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినండి. మీ చేతిలో భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. పౌరసత్వం మారిపోతే, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. "మనూరి బడే కదా, ఏమవుతుందిలే" అని మామూలు ట్రస్టుకి పంపేస్తే ఇరుక్కునేది ఊళ్ళో ఉన్నవాళ్ళు.

[తెర మీద: క్యాలెండర్, జనవరి మొదటి వారం దగ్గర పెన్నుతో సున్నా]

ఈసారి పండక్కి టికెట్లు బుక్ చేసేటప్పుడు సెలవులు మొదలయ్యే రోజు కనుక్కుని, దానికి ఒక్క రోజు ముందు దిగేలా చూసుకోండి. కుదరకపోతే బడి తెరిచిన రోజు ఉండి వెళ్ళండి. హెడ్‌మాస్టారికి ముందే ఫోన్ చెయ్యండి. మధ్యాహ్నం భోజనం బెల్లు టైముకి వెళ్తే ఇంకా మంచిది, వంటగది, కుళాయిలు, పిల్లలు, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. వెళ్ళేటప్పుడు పప్పుబెల్లాలు పట్టుకెళ్ళండి.