ఒక వీడియో, రెండు గొంతులు

(ఒడిశాలోని బరంపురంలో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేవాళ్లే. మన సరుకు కొనేవాళ్లూ అంతే. ఛత్రపురం నుంచి వచ్చినాయన ఒడియాలో ధర అడుగుతాడు, ఇచ్ఛాపురం నుంచి వచ్చినావిడ తెలుగులో బేరమాడుతుంది. పర్లాకిమిడి, గుణుపురం వైపు వెళితే గిరిజనుల సవర భాష కూడా వినిపిస్తుంది. ప్రమోషన్ వీడియో గురించి హైదరాబాదులో చెప్పే పాఠం మనకు అక్కడే చాలకుండా పోతుంది. చేతిలో ఉన్న ఫోనుతో ఒక్కసారి తీసి, దాన్నే రెండు భాషల్లో ఎలా వాడుకోవాలో ఈ పూట చెబుతాను.

తక్కువ ఖర్చు వీడియో అనగానే అందరూ గడ్డం గీసుకునే బ్లేడ్లు అమ్మే డాలర్ షేవ్ క్లబ్ పేరు ఎత్తుతారు. 2012లో ఆ అమెరికా కంపెనీ యజమాని తన గోదాములో నడుస్తూ, కెమెరాలోకి చూస్తూ మాట్లాడాడు. ఖర్చు సుమారు 4,500 డాలర్లు. రెండు రోజుల్లో 12 వేల ఆర్డర్లు వచ్చాయి. గొప్ప సంగతే. కానీ మనకు అంతకంటే పనికొచ్చేది ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచుకునే సాఫ్ట్‌వేర్ డ్రాప్‌బాక్స్ వాళ్లు 2008లో పెట్టిన వీడియో. అప్పటికి అది ఇంకా అందరి చేతికీ రాలేదు. ఆ కంపెనీ పెట్టిన డ్రూ హ్యూస్టన్ తన కంప్యూటర్ తెర మీద ఫైళ్లు ఎలా కదులుతాయో రికార్డు చేసి, వెనకనుంచి తనే వివరించాడు. ఎదురుచూసేవాళ్ల జాబితా ఒక్క రాత్రిలో 5 వేల నుంచి 75 వేలకు పెరిగింది.

తేడా గమనించండి. మొదటి వీడియోలో మనిషి పెదవులు కదులుతున్నాయి. దాన్ని ఒడియాలో వినిపిస్తే పెదవులు ఒకటంటాయి, గొంతు ఇంకొకటంటుంది. రెండో దానిలో కనిపించేది పని మాత్రమే. దానికి ఏ భాషలోనైనా గొంతు ఇవ్వొచ్చు. అందుకే ముఖాలు పక్కనపెట్టి వస్తువు చేసే పనిని, దాన్ని వాడే చేతుల్ని తీయమంటాను.

మీలో ఒకరు అప్పడాలు ఆరబెట్టే సోలార్ పెట్టె చేశారనుకుందాం. మన ఊళ్లో అప్పడాల మీద బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాళ్ల భయం ఏమిటో మనకు తెలుసు: మబ్బు. డాబా మీద పరిచిన అప్పడాలు, ఆకాశం నల్లబడటం, గబగబా చాప ఎత్తుతున్న చేతులు. వీడియో అక్కడ మొదలవ్వాలి. మీ కంపెనీ గుర్తు గిరగిరా తిరుగుతూ రావడం చూడటానికి ఎవరూ ఆగరు. తర్వాత పెట్టె మూత తెరవడం, అప్పడాలు వరసగా పేర్చడం. పెట్టె పక్కన గోడ గడియారం, లోపల థర్మామీటర్ కనబడాలి, అంకెల్ని అనువదించాల్సిన పని లేదు. అదే పిండితో చేసిన అప్పడాలు కొన్ని బయట, కొన్ని పెట్టెలో ఉంచి, రెండూ ఒకే ఫ్రేములో పడేటట్టు చూపండి. చివర్లో ఆరిన అప్పడాన్ని విరవండి. ఆ పటుక్కుమనే చప్పుడును ఫోను బాగా దగ్గర పెట్టి విడిగా రికార్డు చేయండి. తెలుగు ఇల్లాలికీ ఒడియా ఇల్లాలికీ అది ఒకేలా అర్థమవుతుంది. మొత్తం 45 సెకన్లు చాలు.

తీసేటప్పుడు ప్రతి షాట్ చివర రెండు మూడు సెకన్లు అదనంగా ఉంచండి. ఒకే విషయానికి తెలుగు వాక్యం ఒక పొడవు, ఒడియా వాక్యం ఇంకో పొడవు వస్తుంది. సాగదీయడానికి చోటు కావాలి. తెర మీద అక్షరాల కోసం ఫ్రేములో పైభాగం ఖాళీగా వదలండి. ఎడిటింగ్ అయ్యాక అక్షరాలు, గొంతు లేని కాపీ ఒకటి ముందుగా భద్రం చేసుకోండి. రేపు సవరలోనో హిందీలోనో కావాలంటే మళ్లీ కెమెరా ఎత్తకుండా అదే ఆదుకుంటుంది.

వెలుతురుకు డబ్బు పెట్టకండి. ఉదయం పూట కిటికీ పక్కన బల్ల వేసి, రెండోవైపు తెల్లటి థర్మాకోల్ షీటు నిలబెడితే నీడలు మెత్తబడతాయి. లోపల ట్యూబులైటు కింద తీయక తప్పకపోతే ఫోను కెమెరాలో అంకెలు మనమే మార్చుకునే ప్రో మోడ్ తెరిచి, సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 (ఒక్కో ఫ్రేముకు సెకనులో 50వ వంతు వెలుతురు) పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షటర్ దానితో లయ కలపకపోతే వీడియోలో నల్లటి పట్టీలు పాకుతాయి. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయడం మరవకండి. ఎడిటింగ్‌కి కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. పాటల జోలికి పోవద్దు, కాపీరైటు చిక్కు వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునే సంగీతం ఉంది.

డబ్బు పెట్టాల్సింది గొంతు మీద. వైరున్న కాలర్ మైకు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పరుపులు, బట్టలు ఉన్న గదిలో ఫ్యాను ఆపేసి రికార్డు చేయండి, ప్రతిధ్వని తగ్గుతుంది. ఒడియా గొంతు ఒడియా ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లదే కావాలి. మనకు ఒడియా ఎంత బాగా వచ్చినా యాస పట్టేస్తారు. తెలుగు గొంతు కూడా మన బరంపురం తెలుగులోనే ఉండనివ్వండి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడారు, సవర నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం రాశారు. ఆయన తిరిగిన నేల మీద నిలబడి ‘మా యొక్క ఉత్పత్తి అత్యున్నత నాణ్యతతో కూడియున్నది’ అని చదవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ‘వానొచ్చినా అప్పడం పాడవదు’ అనండి. ఒడియా వాక్యాన్ని తెలుగు నుంచి అనువదించకండి. షాట్ చూపించి, ఇది చూస్తే మీ ఇంట్లో ఏమంటారని ఒడియా గొంతు ఇచ్చే మనిషినే అడిగి అదే రాసుకోండి.

తినే వస్తువులు అమ్మేవాళ్లకు ఒక హెచ్చరిక. రాగి, సామ, కొర్రలతో చేసిన పిండి అమ్ముతూ ‘షుగరు నయమవుతుంది’ అనే మాట నోట రానివ్వకండి. మందుల విషయంలో అలాంటి ప్రకటనల్ని 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టమే నిషేధించింది. ఆహారం గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 2006 ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. గంజాం మొగలిపువ్వుకూ, బరంపురం పట్టుకూ భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఇక్కడి సరుకుకే చెల్లుతుంది. ఎక్కడినుంచో తెచ్చిన సరుకుకు ఆ పేర్లు పెట్టి వీడియో తీయడం మన నేతగాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

వీడియో పూర్తయ్యాక శబ్దం ఆపేసి, మీ వస్తువు గురించి తెలియని ఒకరికి చూపండి. ఇది ఏం చేస్తుందని అడగండి. చెప్పలేకపోతే లోపం షాట్లలో ఉన్నట్టే, గొంతుతో దాన్ని కప్పిపుచ్చలేం.

కిటికీ పక్కన బల్ల వేయించాను, థర్మాకోల్ షీట్లు కూడా తెప్పించాను. వస్తువు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి. ఒక్కొక్కరికి మూడేసి షాట్లు తీద్దాం, ఒడియా గొంతు ఇవ్వడానికి వెనక వరసలోవాళ్లు సిద్ధంగా ఉన్నారు.