బయటి మనిషి కుర్చీ

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశాలోని ఈ ఊళ్ళలో ఏ తెలుగు వీధికి వెళ్ళినా ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, చదివే పిల్లలు కనబడతారు. సీటు వచ్చిందా, హాస్టల్ దొరికిందా, ఫీజు ఎంత కట్టారు, ఇవన్నీ అడుగుతాం. ఆ కాలేజీలో చదువు సరిగ్గా సాగుతోందా లేదా అని చూడటానికి లోపలే ఒక కమిటీ ఉంటుందని, అందులో బయటివాళ్ళకి కూడా చోటు ఉంటుందని మాత్రం చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళు కూడా అదేదో పెద్దవాళ్ళ వ్యవహారం అనుకుని ఊరుకుంటారు. ఆ చోటు ఎవరికి ఇవ్వాలి, అలాంటి మనిషిని ఎలా వెతకాలి అన్నది ఈ రోజు మాట్లాడతాను.

ముందు ఆ కమిటీ సంగతి. మన దేశంలో కాలేజీల, యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ న్యాక్. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 1994లో దీన్ని పెట్టింది. ఆఫీసు బెంగళూరులో ఉంది. న్యాక్ గుర్తింపు తెచ్చుకున్న కాలేజీ తన లోపల ఒక నాణ్యతా విభాగం నడపాలి. లెక్చరర్లు దాన్ని ఐక్యూఏసీ అంటారు. ప్రిన్సిపాల్ అధ్యక్షుడు. ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా అధ్యాపకులు, యాజమాన్యం తరఫున ఒకరు, ఆఫీసు వైపు నుంచి కొందరు ఉంటారు. వీళ్ళంతా లోపలివాళ్ళే. వీళ్ళతో పాటు స్థానిక సమాజం, విద్యార్థులు, పూర్వ విద్యార్థుల నుంచి ఒకరో ఇద్దరో, ఉద్యోగాలిచ్చేవాళ్ళు, పరిశ్రమలవాళ్ళ నుంచి ఒకరో ఇద్దరో ఉండాలని న్యాక్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇలా నియమించినవాళ్ళ గడువు రెండేళ్ళు. మూడు నెలలకోసారైనా కమిటీ కూర్చోవాలి. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది వస్తేనే ఆ సమావేశం చెల్లుతుంది. ఏం అనుకున్నారో, అనుకున్నదాంట్లో ఏం చేశారో రాసి సంతకాలతో దాచాలి. ఏటా న్యాక్‌కి ఒక రిపోర్టు పంపాలి.

కాగితం మీద ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఆ ఒకరో ఇద్దరో దగ్గరే వస్తుంది. వాళ్ళ పేర్లు ఖాయం చేసేది ప్రిన్సిపాలే, కాలేజీలోని విద్యా కమిటీతో సంప్రదించి. ప్రకటన వేయమని, దరఖాస్తులు తీసుకోమని గట్టిగా పట్టుబట్టేవాళ్ళు ఉండరు. దాంతో ఏం జరుగుతుందో మీరే ఊహించగలరు. న్యాక్ బృందం వచ్చే రోజులు దగ్గరపడగానే టెన్షన్ మొదలు. ఎవరి పేరు రాద్దాం? మొన్ననే రిటైరైన హెడ్ క్లర్కుగారున్నారు కదా. బెంచీలు సప్లై చేసే షావుకారుగారున్నారు, అడిగితే కాదనరు. ఆయనకో శాలువా, ఒక ఫొటో. మినిట్స్ పుస్తకం ఇంటికి పంపిస్తే సంతకాలు పెట్టి తిరిగి పంపేస్తారు. నాలుగు సమావేశాల సంతకాలు ఒకే సిరాతో, ఒకే ఊపున పెట్టేసిన పుస్తకం నేను కళ్ళారా చూశాను. ఏ కాలేజీదో చెప్పను. ఆ ఒక్క కాలేజీలోనే అలా జరుగుతుంటే చెప్పేవాణ్ణేమో.

షావుకారుగారు చెడ్డవారని నేననడం లేదు. కానీ రేపు బెంచీ కాలు ఊడిపోతే ఆ మాట ఆ గదిలో ఎత్తేదెవరు? అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడు ఇద్దరిలో ఎవరికీ చుట్టం కాని మనిషిని, ఎవరికీ అప్పు లేని మనిషిని పిలిచి మధ్యలో కూర్చోబెడతాం. ఇక్కడా అదే చూడాలి. ఆయన బంధువులెవరైనా ఆ కాలేజీలో పనిచేస్తున్నారా? కాంట్రాక్టులేమైనా ఉన్నాయా? సొంతంగా ఇంకో కాలేజీయో కోచింగ్ సెంటరో నడుపుతున్నారా? పిల్లలు అక్కడే చదువుతుంటే తప్పేమీ లేదు గానీ ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్ళ క్లాసు వ్యవహారం వచ్చినప్పుడు పక్కకి జరగాలి. ఇదంతా ఒక పేజీలో రాయించుకుని సంతకం తీసుకుంటే చాలు.

దాతల సంగతి ఇంకాస్త నాజూకు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు. చదువుకి చేయి విదల్చడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. దాత పేరు బిల్డింగుకి పెట్టండి, సభలో ముందు వరసలో కూర్చోబెట్టండి. నాణ్యత చూసే కుర్చీ మాత్రం వేరేవాళ్ళకి ఇవ్వండి అంటాను నేను. ఇచ్చినవారికీ అదే మర్యాద.

పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళున్నారు కదా, అంతా వాళ్ళే చూసుకుంటారులే అనుకోవడానికి లేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకి మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణ మీద న్యాక్ తనిఖీ బృందంలో ఉన్నవాళ్ళని, సంస్థ తరఫువాళ్ళని సీబీఐ అరెస్టు చేసింది. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చి రెండు మూడు రోజులుండి వెళ్ళిపోయేవాళ్ళ మీద భారమంతా వేయలేం. ఏడాది పొడుగునా ఊళ్ళోనే ఉండి అడిగే మనిషి కావాలి.

బయటి మనిషికి చదువుల లోతులు ఏం తెలుస్తాయని కొందరు లెక్చరర్లు నవ్వుతారు. వాళ్ళకి నేనొకటి గుర్తుచేస్తుంటాను. 1948లో మన ప్రభుత్వం విశ్వవిద్యాలయాల మీద ఒక కమిషన్ వేసింది. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్, అంతకు ముందు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా చేసినవారు. జాకిర్ హుస్సేన్, మేఘనాద్ సాహా, లక్ష్మణస్వామి మొదలియార్ లాంటివాళ్ళున్న ఆ కమిషన్‌లోకి విదేశీయులను కూడా తీసుకున్నారు. వాళ్ళలో ఒకరు ఆర్థర్ మోర్గాన్. అమెరికాలో టెనెసీ నది ప్రాజెక్టుకి మొదటి ఛైర్మన్, ఆనకట్టలు కట్టిన ఇంజినీరు, ఒక చిన్న కాలేజీని కూడా నడిపిన మనిషి. 1949 నాటి రిపోర్టులో గ్రామీణ విశ్వవిద్యాలయాల మీద ఒక అధ్యాయం ఉందంటే అందులో ఆయన చెయ్యి చాలా ఉంది. పట్నం కాలేజీల లెక్కలోనే మునిగిపోకుండా పల్లె పిల్లవాడికి ఏ చదువు కావాలో ఆలోచించడానికి అలాంటి కన్ను పనికొచ్చింది.

మనకి అంతటివాళ్ళు అక్కర్లేదు. కూడికలు తీసివేతలు వచ్చి, మొహమాటం లేకుండా అడగగలిగితే చాలు. ఒక లెక్క చెబుతాను, వినండి. సమావేశంలో మీ ముందు ఒక కాగితం పెడతారు. ఫలానా గ్రూపులో ఉత్తీర్ణత 90 శాతం అని ఉంటుంది. అందరూ బల్లలు చరుస్తారు. మీరు నెమ్మదిగా అడగాలి: సార్, ఈ బ్యాచ్‌లో మొదట చేరిందెంతమంది? 60 మంది అనుకోండి. చివరి పరీక్ష రాసిందెంతమంది? 42. పాసైంది? 38. అంటే 42 మందిలో 38 మంది, 90 శాతం. అబద్ధమేమీ లేదు. కానీ చేరిన 60 మంది లెక్కన చూస్తే 63 శాతమే. మిగిలిన ఆ 18 మంది ఎక్కడికి పోయారు? కొందరు చెన్నైకో సూరత్‌కో పనికి పోయి ఉంటారు, కొందరికి పెళ్ళిళ్ళయి ఉంటాయి, ఇంకొందరికి బస్సు అందక హాజరు తక్కువై ఉంటుంది. ఆ పేర్లు తీసి ఇళ్ళకి ఒక్కసారి ఫోన్ చేయండి అని మినిట్స్‌లో రాయిస్తే, వచ్చే సమావేశంలో ఏం చేశారని అడిగే హక్కు మీకు ఉంటుంది.

ఇంకొకటి, ఫీడ్‌బ్యాక్ ఫారాలు. విద్యార్థుల అభిప్రాయం తీసుకున్నామని ఒక కట్ట చూపిస్తారు. కట్ట మీ చేతికి ఇమ్మనండి. అన్నింట్లోనూ చాలా బాగుంది గడిలోనే టిక్కు, అదీ ఒకే వాలుతో ఉంటే ఇక మీకు వేరే చెప్పక్కర్లేదు.

మన సరిహద్దు జిల్లాల్లో అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి, ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే అబ్బాయి, ఒడియాలో చదివిన పిల్లలు, ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు, అందరూ ఒకే క్లాసులో కూర్చుంటారు. పాఠం ఒడియా, ఇంగ్లీషు కలిపి నడుస్తుంది. మొదటి ఏడాదే ఎవరు వెనకబడుతున్నారో, ఎందుకో విడదీసి చూసే లెక్క ఉందా? లేకపోతే అడగాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. ఆ ఊరి కాలేజీ కమిటీలో ఒక సవర గ్రాడ్యుయేట్ ఉండాలని అడగడం అత్యాశ ఏమీ కాదు కదా.

ఇక ఎంపిక. బ్రిటన్‌లో ఎంపీల ప్రవర్తన మీద, ప్రభుత్వ పదవుల నియామకాల మీద విమర్శలు వచ్చినప్పుడు నోలన్ కమిటీ వేశారు. అది 1995లో ఇచ్చిన రిపోర్టు తర్వాత నియామకాల మీద కన్నేసి ఉంచడానికి ఒక కమిషనర్ వచ్చారు, ఎంపిక చేసేవాళ్ళ పక్కన ఆ శాఖతో సంబంధం లేని బయటి మనిషి ఒకరు కూర్చోవడం మొదలైంది. మన కాలేజీకి అంత హంగామా అక్కర్లేదు. నోటీసు బోర్డు మీద, స్థానిక పేపర్లో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ ఒక ప్రకటన వేస్తే సగం పని అయిపోతుంది. అందులో పని ఏమిటో ఉన్నదున్నట్టు రాయాలి. ఏడాదికి కనీసం నాలుగు సమావేశాలు, గడువు రెండేళ్ళు, ముందుగా చదవాల్సిన కాగితాలు ఇన్ని, దారి ఖర్చులు ఇస్తామో ఇవ్వమో. ఈ దారి ఖర్చుల మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కాశీనగర్ నుంచి కూలి పోగొట్టుకుని రావాల్సిన మనిషికి అదే పెద్దది. ఇవ్వకపోతే పెన్షనర్లు తప్ప ఎవరూ రారు. పెన్షనర్లు వద్దని కాదు, నేనూ పెన్షనర్నే. అందరూ మాలాంటివాళ్ళే అయితే సమావేశంలో సగం సేపు మా రోజుల్లో ఎలా ఉండేదో చెప్పుకుంటూ కూర్చుంటాం.

ఆసుపత్రి నర్సు, బ్యాంకు ఉద్యోగి, నాలుగేళ్ళ కిందట అక్కడే చదువుకుని ఇప్పుడు మొబైల్ షాపు నడుపుతున్న కుర్రాడు, డ్వాక్రా లాంటి సంఘంలో లెక్కలు రాసే అమ్మ, వీళ్ళని కూడా పిలవాలి. దరఖాస్తు పెట్టినవాళ్ళని పావుగంట కూర్చోబెట్టి మాట్లాడండి. ఊళ్ళో ఎంత పేరున్నవారో తెలుసుకోవడానికి కాదు. ఒక పాత రిజల్ట్ కాగితం ముందు పెట్టి, మీకేం కనబడుతోందండీ అని అడగండి. ఎంచుకున్నాక సమావేశానికి వారం ముందే కాగితాలు పంపండి. సమోసా ప్లేటుతో పాటు ఫైలు చేతికిస్తే ఎంత తెలివైనవాళ్ళయినా తల ఊపడం తప్ప చేసేదేమీ ఉండదు.

కొందరు ప్రిన్సిపాళ్ళకి ఇదంతా తలనొప్పి అనిపిస్తుంది. లోపలి లొసుగులు ఊళ్ళో పడతాయని భయం. ఆ భయం తీసిపారేయదగ్గది కాదు. అందుకే విద్యార్థుల పేర్లు, లెక్చరర్ల సొంత విషయాలు గది దాటకూడదని ఇందాక చెప్పిన ఆ ఒక పేజీ సంతకం కాగితంలోనే రాసుకోవాలి. లెక్కలు, తీర్మానాలు మాత్రం దాచేవి కాదు.

మీ ఊరి కాలేజీలో ఇప్పుడు ఈ కుర్చీలో ఎవరున్నారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వెబ్‌సైట్‌లో కమిటీ సభ్యుల జాబితా ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఆఫీసుకి వెళ్ళి అడగండి. ప్రభుత్వ కాలేజీలో చెప్పడానికి నీళ్ళు నమిలితే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. వాళ్ళ రెండేళ్ళ గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని, ఈసారి పేర్లు ఖాయం చేసే ముందు నోటీసు పెట్టమని ప్రిన్సిపాల్‌గారికి ఒక అర్జీ రాసివ్వండి. తెలుగులో రాస్తే ఒడియా కాపీ ఒకటి జత చేయండి. అందినట్టు స్టాంపు, తేదీ వేయించుకోవడం మరిచిపోకండి. సెలవు.