పసుపు తీగ, ఎర్ర తీగ, మధ్యలో డీలరు

శ్రోతలకు నమస్కారం. రేడియోలో కూర్చుని రేడియో పాడైన సంగతి చెప్పడం కొంచెం వింతగానే ఉంటుంది గానీ, ఈ రోజు విషయం అదే. కారులో స్టీరియో సతాయిస్తే ఏం చూసుకోవాలి, అమ్మిన డీలరు 'మాకు సంబంధం లేదు' అంటే ఏం చెయ్యాలి. మా ఇంట్లో జరిగిన వ్యవహారం కాబట్టి కొంచెం కోపంగా కూడా చెబుతాను, ఏమీ అనుకోకండి.

మాది విజయనగరం. కారు బేస్ మోడల్ తీసుకున్నాం, అందులో స్టీరియో రాదు. 'బయట పెట్టిస్తే వైర్లు కట్ చేస్తారు సార్, బండి వారంటీ పోతుంది, మా దగ్గరే పెట్టించుకోండి' అని షోరూమువాళ్లే భయపెట్టి, వాళ్ల యాక్సెసరీస్ కౌంటర్లోనే సెట్టు, స్పీకర్లు, ఫిట్టింగు చార్జీ అన్నీ కలిపి ఒకే బిల్లు వేశారు. ఈ బిల్లు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

కొన్నాళ్లకే గోల మొదలైంది. రాత్రి బండి ఆపి పొద్దున్న తీస్తే గడియారం పన్నెండు చూపిస్తుంది, సేవ్ చేసుకున్న స్టేషన్లు ఉండవు, ఫోను బ్లూటూత్ మళ్లీ మొదటి నుంచి కలుపుకోవాలి. దానికి తోడు ఇంజన్ రేస్ చేసిన కొద్దీ 'కీ' మని సన్నటి మోత పాట వెనకాల పెరుగుతూ ఉంటుంది. డ్రైవరు వైపు స్పీకరైతే తలుపు గట్టిగా వేసినప్పుడు పలుకుతుంది, మెల్లిగా వేస్తే పలకదు.

షోరూముకి తీసుకెళ్తే మొదట 'మీ ఫోన్లో ప్రాబ్లం సార్' అన్నారు. ఫోను తీసేసి ఎఫ్ఎం పెట్టి చూపిస్తే 'ఇక్కడ సిగ్నల్ వీక్ సార్' అన్నారు. సిగ్నల్ వీకయితే గడియారం ఎందుకు మొదటికొస్తుందంటే మాట లేదు. ఒక కుర్రాడొచ్చి రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కి 'అయిపోయింది సార్' అని వెళ్లిపోయాడు, ఆ అబ్బాయిని నేనేమీ అనను, పైవాళ్లు నేర్పిందే చేశాడు. మేనేజరు దగ్గరికి వెళ్తే అప్పుడు బయటికొచ్చింది అసలు మాట: 'ఇది యాక్సెసరీ అండీ, బండి వారంటీలోకి రాదు, మీరు స్టీరియో కంపెనీతో మాట్లాడుకోండి.' సరే అని ఆ కంపెనీకి ఫోను చేస్తే, 'వారంటీ కార్డు మీద డీలరు స్టాంపు, సీరియల్ నంబరు ఉన్నాయా?' అని అడిగారు. కార్డు తీసి చూస్తే ఖాళీ. స్టాంపు వెయ్యాల్సింది ఎవరయ్యా అంటే, అదే మేనేజరు!

మా బంధువొకాయన సాలూరులో లారీలకు వైరింగు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. సాలూరు లారీల ఊరని మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన సెట్టు లోపల చెయ్యి పెట్టలేదు, వారంటీ గొడవలు ఆయనకీ తెలుసు, స్లాటులోంచి ముందుకు లాగి వెనకాల తీగల మీద టెస్ట్ లైటు పెట్టి చూశాడంతే. 'ఏటి బాబూ, పసుపు తీగా ఎర్ర తీగా కలిపేసి ఒకే చోట ఎట్టీసినారు, ఇంకేటి గుర్తుంటాది దీనికి?' అన్నాడు.

సంగతేంటంటే, విడిగా అమ్మే స్టీరియోల్లో చాలావాటికి వెనక రెండు పవర్ తీగలుంటాయి. పసుపు తీగలో ఎప్పుడూ బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు ఉండాలి, గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్ల. ఎర్ర తీగలో తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి, సెట్టు ఆన్ అయ్యేది దాంతో. రెండూ కలిపి తాళం వైపు కడితే తాళం తియ్యగానే సెట్టు అన్నీ మర్చిపోతుంది. పోనీ రెండూ బ్యాటరీ వైపు కడితే అదింకో తంటా, సెట్టు పూర్తిగా ఆగదు, బండి కొన్నాళ్లు కదలకపోతే బ్యాటరీ డౌన్. కొన్ని కార్లలో ఈ రెండింటి స్థానాలు కప్లరులోనే, అంటే తీగలు కలిపే ప్లగ్గులోనే, తారుమారుగా ఉంటాయి, అందుకే రంగు చూసి కాకుండా మీటరు పెట్టి చూసి కలపాలి. ఇక ఆ మోతకి కారణం నల్ల తీగ, అంటే ఎర్తు. దాన్ని పెయింటు ఉన్న రేకు మీద స్క్రూతో బిగించారు. పెయింటు మీద ఎర్తు సరిగ్గా అందదు, అప్పుడు ఆల్టర్నేటరు, అంటే ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసేది, దాని గొడవంతా స్పీకర్లలో వినపడుతుంది. తలుపు స్పీకరుకి కప్లరు సరిగ్గా కూర్చోలేదు. చూశారా, ఇంతా చేసి సెట్టులో ఏ లోపమూ లేదు, లోపమంతా బిగించడంలోనే ఉంది.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. బ్యాలెన్సు (ఎడమ, కుడి), ఫేడరు (ముందు, వెనక) తిప్పి ఒక్కో స్పీకరే మోగేలా పెట్టి వినండి, ఏ మూల తేడా ఉందో తెలుస్తుంది. తర్వాత మెకానిక్కు చేత ఎడమ, కుడి స్పీకరు తీగలు మార్పించి చూడండి, గరగర అవతలి వైపుకి పోతే సెట్టుది తప్పు, అదే తలుపులో ఉండిపోతే స్పీకరుదో తలుపు తీగదో. పాత కార్లలో డ్రైవరు తలుపు తెరిచీ మూసీ బందు దగ్గర తీగ తెగుతుంది. ఎఫ్ఎంలో గరగర ఉంటే ముందు సిగరెట్ లైటరులో పెట్టిన చవక మొబైలు చార్జరు పీకి చూడండి, చాలాసార్లు దోషి అదే. విశాఖ ఎఫ్ఎం పెట్టుకుని బొబ్బిలి దాటాక వినపడట్లేదని మాత్రం డీలరుతో గొడవ పడకండి, ఎఫ్ఎం తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, దూరం పెరిగినా కొండ అడ్డమొచ్చినా అంతే. డబ్బా మీద 50 వాట్లు అని ఉండేది పీక్ అంకె, అంటే క్షణం పాటు ఇవ్వగలిగింది, ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగింది చూస్తే సాధారణంగా సగం కూడా ఉండదు, కొనేముందే అడగండి.

ఇక డీలరు సంగతి. లోపం ఫిట్టింగులో ఉందని తెలిశాక ఆయన 'కంపెనీని అడగండి' అనడానికి లేదు. ఎందుకంటే బిల్లులో ఫిట్టింగు చార్జీ రాసింది ఆయనే, డబ్బు తీసుకుందీ ఆయనే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, అది 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో వస్తువులో లోపానికీ సేవలో లోపానికీ రెండింటికీ ఫిర్యాదు చెయ్యొచ్చు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు కింద అచ్చేస్తారు చూడండి, లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. అలా వెనక్కి తీసుకోనని మొండికెయ్యడాన్నీ, బిల్లివ్వకపోవడాన్నీ కూడా ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

షోరూములో కేకలెయ్యడం నాకు నచ్చదు, దానివల్ల అక్కడున్న పదిమందికీ కాలక్షేపం తప్ప మనకి ఒరిగేదేం లేదు. వెళ్లినప్పుడల్లా జాబ్ కార్డు, అంటే మన ఫిర్యాదు, వాళ్లు చేసిన పని రాసే షోరూము కాగితం, రాయించుకోండి. 'లోపం కనపడలేదు' అని రాస్తే రాయనివ్వండి, ఆ మాటా మనకి కాగితమే. లోపం కనపడుతున్నప్పుడు ఫోనులో వీడియో తియ్యండి. తర్వాత ఉత్తరం. మా ఇంట్లో పని చేసింది ఇదే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. షోరూముకీ, స్టీరియో కంపెనీకీ, కారు కంపెనీకీ ఒకే ఉత్తరం, పైన ముగ్గురి చిరునామాలూ రాసి స్పీడ్ పోస్టులో పంపాం. విడివిడిగా రాస్తే ఒకళ్ల మీద ఒకళ్లు తోసుకుంటారు, ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీద కనపడితే ఎవరేం జవాబిచ్చారో మిగతా ఇద్దరికీ తెలుస్తుందన్న జంకు ఉంటుంది. అందులో బిల్లు నంబరు, తేదీ, సెట్టు సీరియల్ నంబరు, లోపమేంటి, మనకేం కావాలి, ఎన్ని రోజుల్లోగా కావాలి, అంతే. తిట్లు వద్దు.

దానికీ కదలకపోతే 1915కి ఫోను చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషను. కొన్న వస్తువుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, లోపం బయటపడ్డ రెండేళ్లలోగా వెయ్యాలి. శ్రీకాకుళం వాళ్లకి ఇంకో మాట. మీలో చాలామంది విశాఖలో కార్లు కొంటారు, గొడవొస్తే అంత దూరం తిరగాలని ఊరుకుంటారు. కొత్త చట్టంలో మీరు ఎక్కడ నివసిస్తే అక్కడి జిల్లా కమిషన్లోనే కేసు వెయ్యొచ్చు. 1986 నాటి చట్టంలో ఆ వీలు లేదు.

మాకు అక్కడిదాకా వెళ్లాల్సిన పని పడలేదు. ఉత్తరం అందాక షోరూము నుంచే ఫోనొచ్చింది, మేనేజరు గారు చాలా మర్యాదగా మాట్లాడారు. తీగలు సరిగ్గా విడదీసి ఫ్యూజుతో సహా కట్టారు, ఎర్తుకి పెయింటు గీకి కొత్త స్క్రూ వేశారు, వారంటీ కార్డు మీద స్టాంపూ పడింది. తలుపు స్పీకరు మాత్రం ఇంకా అలాగే ఉంది. కప్లరు బండితో వచ్చింది, స్పీకరు యాక్సెసరీగా వచ్చింది, కాబట్టి ఏ వారంటీలో చెయ్యాలో వాళ్లలో వాళ్లకే తేలలేదట. రెండో ఉత్తరం నిన్ననే ముగ్గురికీ వేశాం. నమస్కారం.