సోమవారం సాయంత్రం విలేజ్‌లో: ముందు పిజ్జా, తర్వాత జాజ్

జెర్సీ సిటీ నుంచి మాన్‌హాటన్ వెళ్లి, బయట భోంచేసి, మంచి సంగీతం విని అదే రాత్రి ఇంటికి చేరాలంటే శనివారం కంటే సోమవారమే మేలండి. గ్రీనిచ్ విలేజ్‌లో 1935 నుంచి నడుస్తున్న విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్‌లో సోమవారాలు పెద్ద బ్యాండ్ ఉంటుంది. 1966లో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టిన బృందమే, ఇప్పుడు వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా అంటారు. చిన్న సెల్లార్‌లో 16 మంది!

మొదటి సెట్, అంటే మొదటి విడత కచేరీ, 8 గంటలకు, తలుపులు 7కి తీస్తారు. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొన్నా సీటు నంబరు ఉండదు, ముందొచ్చినవాళ్లది ముందు సీటు. లోపల తినడానికేమీ దొరకదు. అందుకే 5 గంటలకల్లా భోజనానికి కూర్చోవాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆరున్నరకి తినడం మొదలుపెట్టి, సగం ప్యాక్ చేయించుకుని పరుగెడతారు.

న్యూజెర్సీ నుంచి మాన్‌హాటన్‌కి నడిచే పాత్ (PATH) ట్రైన్ ఎక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే బ్లీకర్ స్ట్రీట్ నడిచే దూరమే. అక్కడ 1929 నాటి జాన్స్ పిజ్జా ఉంది. ముక్కలుగా అమ్మరు, మొత్తం పిజ్జా తీసుకోవాల్సిందే. బొగ్గు పొయ్యిలో కాలుస్తారు కాబట్టి అంచులకీ అడుక్కీ నల్లటి మచ్చలు పడతాయి. మాడింది అనుకుని వెనక్కి పంపకండి. ఆ వేడికే పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. ఒక ముక్క మధ్యకి మడిచి తింటే చీజ్ జారదు. శాకాహారులు పైన ఏం వేయాలో ఆర్డరప్పుడే స్పష్టంగా చెప్పండి.

టిప్ లెక్క సులువు. బిల్లులో పన్ను 8.875 శాతం ఉంటుంది. దాన్ని రెట్టింపు చేసి కాస్త కలిపితే 18–20 శాతం వస్తుంది. ఎక్కువమంది వెళ్తే టిప్ ముందే కలిపేస్తారేమో బిల్లు చూసుకోండి, రెండుసార్లు ఇచ్చేస్తాం లేకపోతే.

అక్కడి నుంచి క్లబ్‌కి సెవెంత్ అవెన్యూ మీద పది నిమిషాల నడక. ఎర్రటి గుడ్డ పందిరి కింద తలుపు, లోపలికి నిటారుగా మెట్లు. పెద్దవాళ్లు వెంట ఉంటే చెయ్యి పట్టుకుని దింపండి. మనిషికి కనీసం ఒక డ్రింక్ తీసుకోవాలి, మందే అక్కర్లేదు, కూల్‌డ్రింక్ చాలు. బ్యాండ్ వాయిస్తుండగా ఫోటోలూ వీడియోలూ కూడదు.

మరీ ముందు వరుస వద్దు. శాక్సోఫోన్లు మొహం మీదే మోగుతాయి, వెనక ఉన్న ట్రంపెట్లు వాటిలో కలిసిపోతాయి. మధ్య వరుసల్లో అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. మొదట అందరూ కలిసి ఒక బాణీ వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ దాని మీద అప్పటికప్పుడు కల్పన చేస్తారు (అదే సోలో), చివరికి పల్లవికి వచ్చినట్టు మళ్లీ ఆ బాణీకే వస్తారు. మన కచేరీలో తని ఆవర్తనం (మృదంగం వాళ్ల వంతు) అయ్యాక చప్పట్లు కొట్టినట్టే ఇక్కడ సోలో ముగియగానే, వాద్యం ఆగకముందే చప్పట్లు కొట్టాలి. మధ్యలో మాటలు మాత్రం వద్దండీ.

సెట్ గంటకి పైగా సాగుతుంది. బయటికొస్తే నేరుగా క్రిస్టఫర్ స్ట్రీట్ స్టేషన్‌కే నడవండి. బాగా పొద్దుపోతే జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్‌కి వెళ్లే రైలు హోబోకెన్ మీదుగా తిరిగి వెళ్తుంది, ఆ కాస్త ఆలస్యం ముందే లెక్కలో వేసుకోండి.