స్టేజ్ హిప్నాటిస్ట్‌గా నిలదొక్కుకోవాలంటే

[తెరపై: కాలేజీ ఆడిటోరియం. వేదిక మీద అర్ధచంద్రాకారంలో కుర్చీలు. కూర్చున్న కుర్రాళ్ల తలలు వాలి ఉంటాయి]

నమస్తే అండీ. ఇలాంటి షో మీరూ ఎప్పుడో చూసే ఉంటారు. మైకు పట్టుకున్నాయన ఒక్క మాట అనగానే ఒకడు లేని బైకు నడిపేస్తుంటాడు, ఇంకొకడు తన పేరే మర్చిపోతాడు. దీన్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో.

హిప్నాటిస్ట్ కళ్లలో ఏదో శక్తి ఉంటుందన్న అపోహ ముందు వదిలేద్దాం. దాని సంగతి ఎప్పుడో తేలిపోయింది.

[తెరపై: పాత మాంచెస్టర్ బొమ్మ, 1841]

1841లో మాంచెస్టర్‌లో లాఫోంటెన్ అనే ఆయన ఇలాంటి ప్రదర్శన ఇచ్చాడు. జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ ఇదంతా మోసమేమో అనుకుంటూ చూడటానికి వెళ్లాడు. కానీ వేదిక మీద ఒకతను కళ్లు తెరవలేకపోవడం నిజమేననిపించింది. ఇంటికొచ్చి సొంతంగా ప్రయోగాలు చేశాడు. ఒక స్నేహితుణ్ని సీసా మూతి కేసి, తన భార్యను పంచదార గిన్నె కేసి రెప్ప వేయకుండా చూడమన్నాడు. ఇద్దరి కళ్లూ కాసేపటికే మూతలు పడ్డాయి. పంచదార గిన్నెకు ఏం శక్తి ఉంటుంది? పని చేసేది చూసే మనిషి ఏకాగ్రతే అని ఆయనకు అర్థమైంది. హిప్నాటిజం అనే పేరు వాడుకలోకి తెచ్చిందీ ఆయనే.

ఈ వృత్తికి పునాది ఇదే. షో నడిపించేది వాలంటీర్. ఆ మనిషిని సరిగ్గా ఎంచుకోవడం, క్షేమంగా తిరిగి కుర్చీలోకి పంపడం మీ పని. మిగతా నైపుణ్యాలన్నీ దీని తర్వాతే.

[తెరపై: వేళ్లు పెనవేసిన రెండు చేతులు, దగ్గరగా]

ఎంపిక ఇలా జరుగుతుంది. హాల్లో అందరినీ చేతులు ముందుకు చాచి, వేళ్లలో వేళ్లు దూర్చి గట్టిగా బిగించమంటారు. "జిగురు పోసినట్టు అతుక్కుపోతున్నాయి, ఇంకా బిగుసుకుంటున్నాయి" అని నెమ్మదిగా, ఒకే వరసలో చెబుతూ పోతారు. తర్వాత విడదీయమంటారు. చాలామంది టక్కున తీసేస్తారు. కొందరు మాత్రం తడబడతారు, నవ్వుతూనే లాగుతుంటారు, మెటికలు తెల్లబడతాయి. మీ కళ్లు వెతకాల్సింది వాళ్లనే. సూచనలకు అందరూ ఒకేలా స్పందించరు. కొద్దిమంది బాగా లోతుకు వెళ్తారు, కొద్దిమందికి అసలేమీ అనిపించదు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. దీన్ని కొలవడానికి స్టాన్‌ఫర్డ్‌లో వైట్సెన్‌హోఫర్, హిల్గార్డ్ 1959లో ఒక స్కేలే తయారు చేశారు.

అందుకే అవసరమైన దానికంటే ఎక్కువమందిని పైకి పిలుస్తారు. స్పందించని వాళ్ల దగ్గరికి వెళ్లి, భుజం తట్టి, "థాంక్స్ అండీ, మీ సీట్లో కూర్చుని హాయిగా షో చూడండి" అని మైకు పక్కకు పెట్టి చెప్పాలి. నలుగురిలో వాళ్లను ఓడిపోయినట్టు చూపించకూడదు. షో చెయ్యడం తెలిసినవాళ్లకూ, జనాన్ని గౌరవించడం తెలిసినవాళ్లకూ తేడా ఇక్కడే కనబడుతుందని నా నమ్మకం.

మన దగ్గర ఇంకో పని కూడా ఉంది. హిప్నాటిజం అనగానే కొందరికి వశీకరణం, చేతబడి గుర్తొస్తాయి. "నా రహస్యాలన్నీ కక్కించేస్తారా?" అని టెన్షన్ పడతారు. కాబట్టి మొదటి పది నిమిషాలు మాటలకే కేటాయించండి. ఇది నిద్ర కాదని, చుట్టూ జరిగేది సాధారణంగా వినిపిస్తూనే ఉంటుందని, ఇష్టం లేని పనికి ఒప్పుకోనక్కర్లేదని చెప్పండి. భయం పోతేనే మనసు పెట్టి వింటారు.

[తెరపై: బ్రైటన్, 1948]

ఇక అజాగ్రత్త సంగతి. 1948లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో రాల్ఫ్ స్లేటర్ షోలో వేదికెక్కిన ఒక యువతి, ఆ తర్వాత తన ఆరోగ్యం దెబ్బతిందంటూ కోర్టుకెళ్లింది. 1952లో బ్రిటన్‌లో హిప్నాటిజం చట్టమే వచ్చింది. అక్కడ బహిరంగ ప్రదర్శనకు అనుమతి కావాలి. 18 ఏళ్లలోపు వాళ్లను హిప్నటైజ్ చేయకూడదు. అనుమతితో పాటు సాధారణంగా పెట్టే షరతులు కూడా ఉన్నాయి. మనిషిని చిన్నతనంలోకి వెనక్కి తీసుకెళ్లకూడదు. ఇచ్చిన సూచనలన్నీ తీసేశాకే కిందికి పంపాలి. షో అయ్యాక కనీసం అరగంట హిప్నాటిస్ట్ అక్కడే ఉండాలి. ఇవన్నీ మనమూ పాటించదగ్గవే. ముఖ్యంగా ఆ అరగంట. "మీరు అన్నీ మర్చిపోతారు" అన్న మాట తీసేయకుండా ఒక కుర్రాణ్ని పంపేసి, మీరు కారెక్కేస్తే, రాత్రి వాడి తలనొప్పికీ కంగారుకీ జవాబు చెప్పేదెవరు?

రెండు కుర్చీల మధ్య మనిషిని కర్రలా పడుకోబెట్టి, పొట్ట మీద ఎక్కి నిలబడే విన్యాసం కూడా వద్దు. చప్పట్లు బాగానే పడతాయి. నడుము మాత్రం వాళ్లది.

అవకాశాల విషయానికొస్తే, కాలేజీ ఫెస్టులు, కంపెనీల ఫ్యామిలీ డేలు, క్లబ్బులు, అపార్ట్‌మెంట్ వేడుకలు, విదేశాల్లో తెలుగు సంఘాల సభలు ఉన్నాయి. డీజే మోగే ఆరుబయట షో ఒప్పుకోకండి, అక్కడ ఏకాగ్రత కుదరదు. మూసిన హాలు, మంచి మైకు, చేతుల్లేని కుర్చీలు, పక్కన ఒక సహాయకుడు ఉండాలని ముందే రాతపూర్వకంగా అడగండి. మన బి.వి.పట్టాభిరామ్ గారు మేజిక్, హిప్నాటిజం చేస్తూ కౌన్సెలింగ్, వ్యక్తిత్వ వికాసం వైపు విస్తరించారు. ఒక్క షో మీదే బతకనక్కర్లేదని దాన్నిబట్టి తెలుస్తుంది. అయితే చికిత్స చెయ్యాలంటే చదువు, శిక్షణ వేరే కావాలి. పోస్టర్ మీద "రోగాలు నయం చేస్తాం" అని రాస్తే 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం కింద చిక్కుల్లో పడే ప్రమాదముంది.

చివరగా, క్లిప్పులు. బుకింగులు తెచ్చేవి అవే, అందుకే షో అయిన వెంటనే పెట్టేయాలనిపిస్తుంది. ఆగండి. వాలంటీర్‌కు ఆ వీడియో చూపించి, ఒప్పుకుంటేనే పెట్టండి. వద్దంటే అక్కడే, వాళ్ల ఎదురుగానే డిలీట్ చేయండి.