ఒంటి ఘాటు

(గుంటూరు బ్రాడీపేటలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "తనను తాను తెలుసుకోవడం" మీద మాట్లాడమని ఫోన్ చేస్తే, నంబరు తప్పు కొట్టారేమో అనుకున్నాను. నేను స్వామీజీని కాదు, ప్రొఫెసర్ని కాదు. ముప్పై నాలుగేళ్లు మన మిర్చి యార్డులో, ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా చేశాను. నాకు తెలిసింది మిరపకాయ. అక్కడే మొదలుపెడతాను.

సీజన్లో యార్డు గేటు దాటిన కొత్త మనిషి ముందు తుమ్ముతాడు, తర్వాత దగ్గుతాడు, ఆనక కండువా ముక్కుకి కట్టుకుంటాడు. మేం మాత్రం టిక్కీల మధ్యే కూర్చుని క్యారేజీ విప్పుకుని పెరుగన్నం తినేవాళ్లం. (టిక్కీ అంటే మిర్చి బస్తా. వెనక బెంచీ కుర్రాళ్ల కోసం చెబుతున్నా.) సాయంత్రం ఇంటికెళ్లి చొక్కా విప్పి వంకెకి తగిలిస్తే, వంటింట్లోంచి మా ఆవిడ తుమ్మేది. "ముందు స్నానం చేసి రండి, పిల్లాణ్ణి తర్వాత ఎత్తుకుందురుగాని" అనేది. నాకు ఒళ్లు మండేది. వాసనెక్కడుంది? నాకేం రావట్లేదే! నిజంగానే వచ్చేది కాదు. నా ముక్కు బాగానే ఉంది, అలవాటు పడిపోయిందంతే.

ఇంద్రియాలు బయటికే తెరుచుకున్నాయి, అందుకే మనిషి బయటికే చూస్తాడని కఠోపనిషత్తు చెబుతుంది. కళ్లు లోపలికి తిప్పేవాడు ఏ ఒక్కడో అంటుంది. రిటైరయ్యాక నేనూ ప్రయత్నించాను. తెల్లారుజామున డాబా మీద చాప వేసుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. లోపల ఎవరు కనిపించారో తెలుసా? ప్లీడరు! నా తరఫు ప్లీడరు. తమ్ముడితో గొడవైతే తప్పు వాడిది, అబ్బాయి ఫోన్ చెయ్యకపోతే తప్పు కోడలిది. ఫీజు లేకుండా రోజూ వాదించి గెలిపించేవాడు. మనసు తేలికై కిందికి దిగేవాణ్ణి. దాన్నే ప్రశాంతత అనుకున్నాను కొన్నాళ్లు.

ఊరికే కూర్చోవడమే కష్టమనుకోండి. 2014లో అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు మనుషుల్ని ఒక్కొక్కరినే ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. కావాలంటే కరెంటు షాక్ కొట్టించుకోవడానికి ఒక మీట మాత్రం ఉంది. పద్దెనిమిది మంది మగవాళ్లలో పన్నెండు మంది నొక్కారు. ఆడవాళ్లు ఇరవై నలుగురిలో ఆరుగురే. మీరు నవ్వుతున్నారు గానీ, మా అబ్బాయి ఇంట్లో లిఫ్టు ఆగిపోయినప్పుడు నేనూ అలాంటి మీట కోసమే చూశాను.

సరే, అసలు సంగతికొస్తాను. ఒక సంవత్సరం తేజ రకం మిర్చికి రేటు పెరుగుతోంది. ప్రత్తిపాడు వైపు రైతు ఒకాయన వచ్చి, "గుమాస్తా గారూ, అమ్మేద్దామా, ఏసీలో పెడదామా?" అని అడిగాడు. మన దగ్గర కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటాం కదా. నేను ఒక్క నిమిషం ఆలోచించి, "బాబాయ్, రేపటి రేటు నాకూ తెలియదు, నీకూ తెలియదు. నీకు వడ్డీ నడుస్తోంది, పైన ఏసీ అద్దె. రెండు వంతులు అమ్మెయ్, ఒక వంతు ఉంచుకో" అన్నాను. ఆయన అలాగే చేశాడు. ఆ తర్వాత రేటు పడింది. ఆయన నిలబడ్డాడు.

అదే వారం నేను సొంతంగా కొన్న నలభై టిక్కీలు ఏసీలో ఉన్నాయి. వడ్డీకి తెచ్చిన డబ్బే. ఒక్క టిక్కీ కూడా అమ్మలేదు. ఇంకా పెరుగుతుంది, నాకు తెలియదా, నేను యార్డు మనిషిని! అద్దె మీద అద్దె కట్టి, చివరికి కొన్న రేటు కంటే తక్కువకి తోలేశాను. రాత్రి మా ఆవిడ ఒకే మాట అంది: "ఆ రైతుకి చెప్పిన మాట మీక్కూడా ఎవరైనా చెప్పాల్సిందండీ."

నోరు అదే, సరుకు అదే, వారం కూడా అదే. బుద్ధి లేక కాదన్నమాట. ఉన్న బుద్ధి నా దాకా వచ్చేసరికి పనిచెయ్యలేదు. దీనికి పెద్దవాళ్లు పేరే పెట్టారని చాలా ఏళ్లకి తెలిసింది: సొలొమోను వైరుధ్యం. బైబిల్లో ఊరందరికీ తీర్పు చెప్పిన రాజు సొలొమోను తన ఇల్లు చక్కబెట్టుకోలేకపోయాడని ఆ పేరు. గ్రాస్‌మన్, క్రాస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో పరీక్షించి చూశారు. జీవిత భాగస్వామి మోసం చేస్తే ఏం చేస్తావని అడిగితే, స్నేహితుడి సంగతైనప్పుడు జనం నిదానంగా ఆలోచించారు. తమ సంగతికొచ్చేసరికి ఆ నిదానం పోయింది. అరవై దాటినవాళ్లకీ ఈ జబ్బు తగ్గలేదట. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న మనందరికీ చెబుతున్నా! అయితే, తన కష్టాన్నే వేరే మనిషి కష్టంలా, 'అతను' అనుకుంటూ ఆలోచించమంటే ఆ తేడా పోయింది.

ఇది చదివాక నేను డాబా మీద కూర్చోవడం మానేశాను. ధ్యానాన్ని తప్పు పట్టడం లేదు, చేతనైనవాళ్లు చేసుకోండి. నాకు చేతనైంది చిట్టా. పాత అలవాటు. నోట్‌బుక్‌లో నాకొక ఖాతా తెరిచాను. 'నేను' అని రాయను. కొట్టులో అందరూ పిలిచినట్టే 'గుమాస్తా గారు' అని రాస్తాను. "గుమాస్తా గారు ఈరోజు తమ్ముడి మాట పూర్తిగా వినకుండానే లేచి వచ్చేశారు." అలా రాస్తే ప్లీడరు నోరు పెగలదు. అది వాడి కక్షిదారు పేరులా కనబడదు కాబోలు.

మొన్న బుధవారం రాసింది ఇది: "గుమాస్తా గారు అబ్బాయి ఫోన్ చెయ్యడం లేదని నెలరోజులుగా అంటున్నారు. ఈ నెలలో తాను ఎన్నిసార్లు చేశారు?" కింద జమ కాలమ్ ఖాళీగా ఉంది. గురువారం, శుక్రవారం, నిన్న కూడా ఖాళీయే.

టైము ఏడున్నర అయింది. ఆదివారం కదా, వాడు ఇంట్లోనే ఉంటాడు. ప్రశ్నలుంటే ఒక పది నిమిషాలాగి అడగండి, బయట వరండాలో ఉంటాను.